నాలుగు ఫ్యాన్ల సభామర్యాద

వేడి ఎక్కడ పుడుతుందో, ఏ దారిన నడుస్తుందో, ఎక్కడికి చేరి అణగుతుందో కళాశాలలో ఏళ్ల తరబడి బోధిస్తున్న ఒక ఉపన్యాసకుడు, సొంత అక్క ఇంట్లో కంప్యూటరు ఎందుకు కుతకుతలాడుతోందో తేల్చలేక రెండు రోజులు తల పట్టుకు కూర్చున్నాడంటే, శాస్త్రాభిమానుల మనసు చివుక్కుమనడం సహజం. వారు ధైర్యం తెచ్చుకోవచ్చు. ఆ రెండు రోజులూ శాస్త్రం తన పని తాను శ్రద్ధగానే చేసింది. దానికి అడ్డుపడింది మర్యాద.

శనివారం పొద్దున అక్క ఫోను చేసింది.

“ఒరే, నీ చదువుకి ఇన్నాళ్లకి పని తగిలింది. వచ్చెయ్.”

అక్క ఆర్కిటెక్టు. పెద్ద ఆఫీసులో చాలాకాలం ఎవరో గీసిన గోడలకు కిటికీలు పెట్టి, ఎవరో లేపిన మేడలకు మెట్లు అతికించి, చివరికి విసిగి బయటికి వచ్చింది. సొంతంగా చేపట్టిన తొలి పెద్ద పని ఒక గ్రంథాలయం. సోమవారం ఉదయం ఆ నమూనాను కమిటీ ముందు పెట్టాలి. పోటీకి మరో ఆఫీసు ఉంది. ఇంకా కట్టని ఆ భవనంలోకి మనిషి నడిచి వెళుతున్నట్టు ఒక చిన్న సినిమాను కంప్యూటరు తయారుచేయాలి. ఆ కంప్యూటరేమో సగం దూరం నడిచేసరికి ప్రాసెసరు సలసల కాగి, దీపం ఊదినట్టు ఆరిపోతోంది.

“బావగారు చూశారా?” అన్నాడు ఉపన్యాసకుడు.

“చూడకేం? పోయిన వారం అంతా విప్పి దుమ్ము దులిపింది ఆయనే. అప్పట్నుంచే ఈ జ్వరం.”

“ఆ మాట ఆయనతో అనలేదు కదా?”

“అన్నాను. ఎండలు ముదిరాయి అన్నారు. మన ఇంట్లోకి ఎండ రాదురా, కిటికీలు పెట్టింది నేనే.”

బావగారు దంతవైద్యుడు. కింద క్లినిక్కు, పైన కాపురం. పగలంతా ఇతరుల నోళ్లలో పనిచేసి, సాయంత్రాలు నోరులేని యంత్రాలతో గడపడం ఆయన వినోదం. ఆ కంప్యూటరు ఆయన స్వహస్తాలతో కూర్చినది. పక్కగోడ అద్దంతో ఉన్న ఆ నల్లటి పెట్టెలో అగ్ని, వరుణుడు, వాయువు ముగ్గురూ ఉమ్మడి కాపురం చేస్తారు. ప్రాసెసరు అగ్నిస్థానం. దాని నెత్తిమీద చిన్న పంపు. అక్కణ్నుంచి రెండు రబ్బరు గొట్టాలు బయలుదేరి, పెట్టె పైకప్పు కింద ఉన్న రేడియేటరు చేరతాయి. ఒక గొట్టం వేడినీటిని మోసుకుపోతుంది, రెండోది చల్లారిన నీటిని వెనక్కి తెస్తుంది. రేడియేటరుకు కింద రెండు ఫ్యాన్లు, పైన రెండు ఫ్యాన్లు. కింది జంట గాలిని పైకి నెట్టాలి, పై జంట అదే గాలిని అందుకుని బయటికి లాగాలి. నాలుగూ ఒకే దిక్కుకు వీస్తేనే రేడియేటరు సన్నని రేకుల్లోంచి గాలి సాగుతుంది, వేడి వదులుతుంది.

లోకంలో బావా బావమరుదులంటే ఒకరి పరువు ఒకరు తీసుకోవడానికి పెద్దలు అనుమతించిన జంట. ఈ ఇంట్లో ఆ సంప్రదాయానికి కాలు విరిగింది. బావమరిది వయసులో ఎంత చిన్నవాడైనా విద్వాంసుడు కదా అని బావగారు ‘మీరు’, ‘ప్రొఫెసరుగారూ’ అనేవారు. అంతటివారు తనను మన్నిస్తుంటే తాను ఇంకెంత మన్నించాలోనని బావమరిది కుర్చీలోంచి సగం లేచి మాట్లాడేవాడు. పండుగకో పబ్బానికో కలిసినప్పుడు వారి సంభాషణ రెండు దేశాల రాయబారులు సరిహద్దు దగ్గర పూలగుత్తులు మార్చుకున్నట్టు సాగేది. మధ్యలో అక్క ఆవులించేది.

అతను చేరేసరికి బావగారు కింద ఎవరి దవడతోనో యుద్ధంలో ఉన్నారు. అక్క బాల్కనీలో ఫోను పట్టుకుని, మెట్ల రాయి గురించి ఎవరికో మూడోసారి అదే మాట చెబుతోంది. ఉపన్యాసకుడు ఒంటరిగా పెట్టె ముందు కూర్చుని పైమూత తీశాడు.

తీయగానే రోగం కనిపించింది. పై జంట తలకిందులుగా బిగించి ఉంది. దుమ్ము దులిపి తిరిగి అమర్చేటప్పుడు బావగారి చెయ్యి పొరబడింది. కింది ఫ్యాన్లు పైకి నెడుతున్నాయి, పై ఫ్యాన్లు కిందికి నెడుతున్నాయి. నడుమ రేడియేటరు, ఎటూ పోని గాలిలో, కుడితిలో పడ్డ ఎలుకలా చిక్కుకుని ఉంది.

‘బావగారూ, మీరు ఫ్యాన్లు తిరగేసి పెట్టారు.’

ఇంతే చెప్పవలసింది. ఆ వాక్యాన్ని అతను మనసులో అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఎటు తిప్పినా ముల్లే కనిపించింది. చేతినేర్పే ఆస్తిగా బతుకుతున్న దంతవైద్యుడితో ‘మీ చెయ్యి తప్పింది’ అనడమా? పోనీ చాటుగా పై జంటను సరిచేద్దామంటే, అది ఆయన కొత్తగా బిగించిన భాగం. మూత తీస్తే తెలిసిపోతుంది. అప్పుడతనికి ఒక దివ్యమైన ఆలోచన తట్టింది. గాలి పైకే పోవాలని నియమమేమీ లేదు. నాలుగూ ఏకాభిప్రాయంతో వీస్తే చాలు. కింది జంటను తిరగేస్తే, అవీ కిందికే వీస్తాయి, బావగారు పెట్టిన పై జంట తనంతట తాను ఒప్పయి కూర్చుంటుంది! బావగారి తప్పును దిద్దే సాహసం మానుకుని, ఆ తప్పుకు సరిపడేలా మిగతా ప్రపంచాన్ని దిద్దడం, ఇంతటి సౌజన్యం చరిత్రలో ఏ బావమరిదికి సాధ్యమైంది?

అద్దం తీసి, వేళ్లు దూరని సందుల్లో వేళ్లు దూర్చి, కింది ఫ్యాన్లు రెండూ తిప్పి బిగించాడు. చెమట తుడుచుకుంటుండగా అక్క వచ్చింది.

“ఏమైనా దొరికిందా?”

“కొంచెం దుమ్ముంటే దులిపాను.”

“దుమ్ము పోయిన వారమే దులిపారు కదా?”

“మళ్లీ పడకూడదని దుమ్ముకేమైనా నిషేధముందా అక్కా?”

“నీ తెలివి కమిటీకి చూపిస్తే బావుండేది. పద, ముందు అన్నం తిందువుగాని. తిన్నాక పెడదాం.”

భోజనాల దగ్గర బావగారు ఎప్పటిలాగే, “ప్రొఫెసరుగారు శ్రమపడి వచ్చారు” అన్నారు. “మీ శ్రమ ముందు నాదెంత బావగారూ” అన్నాడతను. అక్క పళ్లెంలోకి చూస్తూ తింది. నడుమ బావగారు కళ్లజోడు తెచ్చుకుంటానని లేచి లోపలికి వెళ్లారు. ఎంతకీ రాలేదు.

“కళ్లజోడు వెతకడానికి వెళ్లారంటే ఓ కునుకు తీసి వస్తారు. నువ్వు తిను,” అంది అక్క.

తరువాత ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు. గ్రంథాలయం తలుపు తెరుచుకుంది. వసారా దాటి, అరల మధ్యకు సినిమా నడక మొదలైంది. తెర మూలన డిగ్రీల అంకె డెబ్బై దాటింది, ఎనభై దాటింది, తొంభై మీదికి ఎక్కి కాసేపు ఊగిసలాడింది. చదువుకునే గది గుమ్మంలో కాలు పెట్టబోతుండగా తెర నల్లబడింది.

ఉపన్యాసకుడికి కాళ్ల కింద నేల కాదు, ఏకంగా ఉష్ణగతిశాస్త్రమే కదిలినట్టయింది. గాలి ఒకే దిక్కుకు వీస్తున్నప్పుడు వేడి వదలకపోవడమేమిటి? పక్కన బావగారి ముఖం చూశాడు. అందులో తనకంటే ఎక్కువ దిగ్భ్రాంతి ఉంది. అంత దిగ్భ్రాంతి ఎందుకో అడగబోయి, అడగడం మర్యాద కాదని మానుకున్నాడు.

వైద్యసభ మొదలైంది. బావగారు పంపు మీద వేలు ఆనించి నాడి చూశారు. “కొట్టుకుంటోంది,” అన్నారు. ఉపన్యాసకుడు రెండు గొట్టాలూ పట్టుకున్నాడు.

“ఒకటి కాలుతూ ఒకటి చల్లగా ఉంటే నీళ్లు తిరగట్లేదనుకోవచ్చు. ఇవి రెండూ కాలుతున్నాయి. అంటే నీళ్లు తిరుగుతున్నాయి. వేడిని దించుకునే చోటే దొరకట్లేదు.”

“అంటే గాలి సమస్యేనా?” అంది అక్క.

“గాలికేం ఢోకా లేదు,” అన్నారు ఇద్దరూ ఏకకంఠంతో. తరువాత ఒకరినొకరు చూసుకుని, “మీరన్నదే నిజం” అని తలలూపుకున్నారు.

వాయువు నిర్దోషి అని ఇంత అట్టహాసంగా తీర్పు వచ్చాక, నేరం ఇంకెవరి మీదైనా మోపాలి. ప్రాసెసరుకూ పంపుకూ నడుమ రాసే వేడిపేస్టు ఎండిపోయి ఉంటుందని తేల్చారు. అది ఎండలేదు. అయినా బావగారు గ్లౌజులు తొడుక్కుని, పాతది స్పిరిటుతో తుడిచి, పంటిగుంత పూడ్చేటంత ఏకాగ్రతతో కొత్తది పెట్టారు. అక్క లైటు పట్టుకుంది. ‘నోరు బాగా తెరవండి’ అనడమొక్కటే తక్కువ. “ఎంత అందంగా పెట్టారు బావగారూ,” అన్నాడు ఉపన్యాసకుడు. ఆ మాట నిజమే. ఆ అందం వల్ల ఒక్క డిగ్రీ కూడా తగ్గలేదన్నదీ నిజమే.

ఆదివారం ఉదయం మళ్లీ పెట్టారు. మళ్లీ చదువుకునే గది గుమ్మంలోనే ఆరిపోయింది.

అక్క కుర్చీ వెనక్కి జరిపి లేచింది. “సరే. సినిమా లేకుండానే వెళతాను. ప్లాన్లున్నాయి, అట్టబొమ్మ ఉంది.”

“అవతలి ఆఫీసువాళ్లో?”

“వాళ్లు సినిమా తెస్తార్రా. కమిటీలో ప్లాను చూసి భవనం ఊహించుకోగలిగేవాళ్లు ఒకరో ఇద్దరో. మిగతావాళ్లు ఏది కళ్లకి కనిపిస్తే దానికే చెయ్యెత్తుతారు. వాళ్ల తప్పేం లేదు.” బల్ల మీది కాగితాలు సర్దుకుంది. “నువ్వేం మొహం మాడ్చుకోకు. నీ చేతనైంది నువ్వు చేశావు.”

ఆమె పక్కగదిలోకి వెళ్లి అట్టముక్కలు కత్తిరించడం మొదలుపెట్టింది. తిట్టి ఉంటే అతను తట్టుకునేవాడు. ఆ చివరి మాట మాత్రం వేడినీటి గొట్టంలా తగిలింది.

ఇల్లు సద్దుమణిగింది. అతను మళ్లీ పెట్టె ముందు కూర్చుని, దాన్ని ఆన్ చేసి, బల్ల మీద పడి ఉన్న ట్రేసింగు కాగితం అంచు చించి, సన్నని పీలిక చేశాడు. సిద్ధాంతం ప్రకారం పైన గాలి లోపలికి పోవాలి. పీలికను పైమూత మీద పట్టుకున్నాడు. అది లోపలికి అంటుకోవలసింది పోయి, తోకలేని గాలిపటంలా పైకి రెపరెపలాడింది. పక్క అద్దం తీసి కింది ఫ్యాన్ల దగ్గర పట్టుకున్నాడు. కిందికి తన్నింది.

కింది జంటను కిందికి తిప్పింది తను. పై జంటను పైకి తిప్పింది ఎవరు? దెయ్యాలు స్క్రూలు విప్పవు. కళ్లజోడు కోసం వెళ్లి ఎంతకీ రాని మనిషి గుర్తొచ్చాడు. నిన్నటివరకూ ఎదురెదురుగా వీచిన జంటలు ఇవాళ పెడమొహాలు పెట్టుకుని వీస్తున్నాయి, రేడియేటరు మాత్రం ఎప్పటిలాగే గాలి అందక అల్లాడుతోంది.

మందు చిటికెలో పని. తను తిప్పినవి తను మళ్లీ తిప్పేస్తే సరి. ఎవరికీ ఏమీ తెలియదు, ఎవరి పరువుకూ గీత పడదు. అతను ఉత్సాహంగా స్క్రూడ్రైవరు కోసం పనిముట్ల పెట్టె తెరిచాడు. అది అక్కడ లేదు. వెతుకుతూ నడవలోకి వచ్చాడు. ఎదురుగా బావగారు మునివేళ్ల మీద నడిచి వస్తున్నారు. చేతిలో మడిచిన పేపరు, పేపరులోంచి స్క్రూడ్రైవరు పిడి.

తేలు కుట్టిన దొంగలు ఇద్దరు ఒకే నడవలో ఎదురుపడితే ఏం చేయాలో శాస్త్రాలు చెప్పలేదు.

“ఏం లేదు ప్రొఫెసరుగారూ, ఊరికే పేపరు చూద్దామని,” అన్నారు బావగారు.

“చూడండి బావగారూ, చూడండి,” అని అతను దారి వదిలాడు.

బావగారు కదలలేదు. “లేదు, మీరు కానివ్వండి.”

ఆ క్షణంలో ఉపన్యాసకుడికి సమస్య పూర్తి స్వరూపం బోధపడింది. ఆయన కూడా కనిపెట్టారు. ఆయన కూడా తను తిప్పినవి తను మళ్లీ తిప్పబోతున్నారు. ఇద్దరూ తిప్పితే మొదటికొస్తుంది. ఒకరు తిప్పుతారని ఇద్దరూ ఊరుకుంటే ఇలాగే ఉంటుంది. ఎదుటివాడు ఏం చేస్తాడో తెలియనంతకాలం ఈ ఇంట్లో ఏ ఫ్యానూ ఒప్పు కాదు. పక్కగదిలో కత్తెర చప్పుడు అట్టను కొరుకుతూనే ఉంది. నోరు తెరవడం తప్ప భౌతికశాస్త్రంలో మరో మార్గం మిగల్లేదు.

“బావగారూ,” అన్నాడు. “మీరు పోయిన వారం పై ఫ్యాన్లు తలకిందులు పెట్టారు.”

బావగారు పేపరు కిందికి దించారు.

“మీతో చెప్పడానికి నోరు రాక, నిన్న నేను కింది ఫ్యాన్లు తిరగేశాను.”

“తెలుసండీ,” అన్నారు బావగారు మెల్లగా. “పొద్దున పళ్లు చూసే అద్దం లోపల పెట్టి చూశాను.”

“మరి చెప్పలేదే?”

“ఎలా చెప్పనండీ? ముందు వైద్యుడు చేసిన కట్టు ఎంత అధ్వాన్నంగా ఉన్నా, రోగి ఎదుట తప్పుపట్టకూడదని మాకో కట్టుబాటు. అందులోనూ మీరు వేడికి పెద్ద డాక్టరు. నిన్న క్లినిక్కులో ఎవరి నోట్లోనో ఉమ్మి లాగే గొట్టం పెడుతుంటే తట్టింది, ఇది లాగుతుంది కదా, మన పైవి లాగట్లేదు కదా అని. నా తప్పు మీ కంటపడకముందే దిద్దేద్దామని అన్నం మధ్యలో లేచి వెళ్లాను.” ఆయన స్క్రూడ్రైవరు వంక చూశారు. “ఇప్పుడు మీకు సరిపోయేలా మళ్లీ కిందికి తిప్పేద్దామని వస్తున్నాను.”

“నేను మీకు సరిపోయేలా పైకి తిప్పేద్దామని వస్తున్నాను.”

కత్తెర చప్పుడు ఆగింది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి వింటోందో తెలియదు. ఆమె భర్త వంక చూసింది, తమ్ముడి వంక చూసింది, భర్త చేతిలో పేపరు వంక చూసింది.

“మీ ఇద్దరి మర్యాదలో నా లైబ్రరీ కాలిపోయేది,” అంది. “వేడి పైకే పోతుందని చిన్నపిల్లలు కూడా చెబుతారు. కింది ఫ్యాన్లు పైకి తిప్పండి. తిప్పేటప్పుడు రెండోవాళ్లు పక్కనే నిలబడి చూడండి.”

తమ్ముడు తిప్పాడు, బావగారు స్క్రూలు అందించారు. బిగించాక పీలిక పెట్టి చూశారు. కింద లోపలికి అంటుకుంది, పైన పైకి ఎగిరింది. సినిమా మొదలైంది. అంకె అరవై దాటి, అరవై అయిదు దగ్గర చతికిలబడి, ఇంక లేవనని మొండికేసింది. చదువుకునే గది గుమ్మం దాటింది. కిటికీల వరస దాటింది. అక్క రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. పని పూర్తవడానికి మధ్యాహ్నమంతా పడుతుందని, అంతసేపూ ఆ గదిలో ఎవరూ గాలి పీల్చనక్కర్లేదని చెప్పి ఇద్దరినీ బయటికి పంపింది.

నడవలో ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. బావగారు గొంతు సవరించుకున్నారు.

“ఒక తప్పు ఒప్పుకున్నాం కాబట్టి, ఇంకోటి కూడా చెప్పేస్తాను. మీరు రాసిన పుస్తకం… వేడి గురించి…”

“చెప్పండి.”

“నాలుగు పేజీలు దాటలేదు. తీసికెళ్లి క్లినిక్కులో పెట్టాను. రెండు పేజీలు తిప్పేసరికి పేషెంట్లు లేచి వచ్చి, డాక్టరుగారూ ముందు మా పన్ను పీకేయండి అంటున్నారు. పిరికివాళ్లకి బాగా పనిచేస్తోంది.”

ఉపన్యాసకుడు ఆ దెబ్బను స్వీకరించాడు. తగిలిన చోట ఆశ్చర్యంగా హాయిగా ఉంది.

“బావా,” అన్నాడు, ‘గారు’ ఎక్కడో జారిపోగా. “మీరు నాకు ఎడమవైపు పూడ్చిన పన్ను కొంచెం ఎత్తుగా ఉంది. నమిలితే ముందు అదే తగులుతుంది.”

బావగారు లేచి నిలబడ్డారు. “ఎప్పట్నుంచి?”

“పూడ్చినప్పట్నుంచి.”

“అది పూడ్చి ఎన్నేళ్లయిందయ్యా! అప్పట్నుంచి నువ్వు ఎలా తింటున్నావు?”

“కుడివైపు.”

“నడు కిందికి,” అన్నారు బావగారు. ఆ గొంతులో కోపం ఉంది, దాని వెనక ఏదో సంబరం ఉంది. “చదువుకున్నవాడివి, నోట్లో నాలుక లేదూ? మూగజీవాలు కూడా నొప్పెడితే అరుస్తాయి బావమరిదీ.”

క్లినిక్కు కుర్చీలో అతని నోరు తెరిపించి, నీలం కాగితం కొరికించి, ఎత్తుగా ఉన్న చోటును చిన్న చక్రంతో గీశారు. పని రెండు నిమిషాల్లో తెమిలింది. తిట్లు తెమలలేదు. నోరు మూసుకునే వీల్లేని స్థితిలో ఉపన్యాసకుడు, జీవితంలో తొలిసారి, తన బావ చేత కడుపునిండా తిట్లు తిన్నాడు.

పైకి వచ్చి మధ్యాహ్నమంతా గడిపాక అక్క పిలిచింది. సినిమా తయారయింది.

ముగ్గురూ చూశారు. తలుపు తెరుచుకుంది, వసారా గడిచింది, అరల మధ్య వెలుతురు నిలువు చారలుగా పడింది. చదువుకునే గదిలో పొడుగు బల్లలు, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు కొద్దిగా వెనక్కి జరిపిన కుర్చీ. మెట్లెక్కి, పై అంతస్తు కిటికీలోంచి చెట్ల చివర్లు చూపించి సినిమా ఆగింది.

“ఎలా ఉందో చెప్పండి,” అంది అక్క. “నిజం చెప్పండి.”

నిన్నటి రోజైతే ఇద్దరూ ‘అద్భుతం’ అనేవారు. బావగారు తెర వంక చూస్తూ గడ్డం గోక్కున్నారు.

“ఆ మెట్ల దగ్గర చీకటిగా ఉంది. నాలాంటివాడు అక్కడ కాలు పెట్టడానికి జంకుతాడు.”

“నాకూ అలాగే అనిపించింది,” అన్నాడు తమ్ముడు. “కుర్చీ మాత్రం చాలా బావుంది. అది తీసెయ్యకు.”

అక్క సినిమా వెనక్కి జరిపి, మెట్ల దగ్గర ఆపి, తల పక్కకు వంచి చూసింది. మొదట ఆమె కనుబొమలు ముడిపడ్డాయి, తరువాత విడిపోయాయి.

“అవును. పైన కిటికీ గీశాను కానీ వెలుతురు పెట్టడం మరిచిపోయాను.” బయట ఎండ ఇంకా గోడ మీదే ఉంది. ఆమె కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. “ఇంకా టైముంది. ఆ ముక్కొక్కటే మళ్లీ చేస్తాను. ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి.”

బావా బావమరుదులు చెరోవైపు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఇంకా ఉన్నాయి, చెప్పడం మొదలుపెట్టారు.